200 గంటల సీపీఎల్‌తో విదేశాల్లో ఉద్యోగం: బెజవాడ, గుంటూరు నుంచి ఎలా బయల్దేరాలి

సీపీఎల్, అంటే జీతానికి విమానం నడపడానికి కావాల్సిన కమర్షియల్ పైలట్ లైసెన్సు, చేతికి రాగానే ఊళ్లో ఫ్లెక్సీ కడతారు. ఆర్నెల్లు తిరిగేసరికి అదే ఊళ్లో "ఇంకా ఎక్కడా చేరలేదా?" అని అడగడం మొదలవుతుంది. తప్పు మీది కాదు. 2023లో మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. అదే ఏడాది ఎయిరిండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి కదా అంటారు మనవాళ్లు. నిజమే. కానీ ఆ విమానాలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా వస్తాయి. వాటిలో కుడిసీటు, అంటే కోపైలట్ సీటు, ఎక్కువగా ఆ కంపెనీలే శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాముల్లో చేరినవాళ్లకో, ముందే టైప్ రేటింగ్ (ఒక్కో రకం పెద్ద విమానానికి విడిగా తెచ్చుకునే అర్హత) చేసుకున్నవాళ్లకో వెళ్తుంది. సెస్నా 152, 172 చిన్న విమానాల మీద 200 గంటలు పూర్తిచేసి, ఇంకో పెద్ద మొత్తం తేలేక ఆగిపోయినవాళ్లు బయటి దేశాల వైపు చూడటం సహజం.

వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మన జిల్లాల్లో చాలామంది పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో, రెండు రూపాయల వడ్డీకి తెచ్చో పిల్లల్ని పైలట్ చదువుకి పంపారు. ఆ డబ్బులో మిగిలిన కాస్తా తప్పుడు చోట పడకూడదన్నదే నా తాపత్రయం.

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. చాలామంది లైసెన్సు మార్పిడితో మొదలుపెడతారు. ఏదో దేశం వెళ్లి, పరీక్షలు రాసి, అక్కడి లైసెన్సు తెచ్చుకుని, ఆ తర్వాత వీసా సంగతి ఆలోచిస్తారు. ఆ వరస తలకిందులు. ముందు ఆ దేశంలో పనిచేసే హక్కు, తర్వాత ఆ దేశపు లైసెన్సు, ఆ తర్వాత ఉద్యోగం వేట. వర్క్ పర్మిట్‌ని కంపెనీయే తేవాల్సిన ఆఫ్రికా లాంటి చోట్ల తప్ప ఈ వరస మారదు.

మీ లైసెన్సు ఎంతవరకు చెల్లుతుంది

అంతర్జాతీయంగా తిరిగే విమానం ఏ దేశంలో రిజిస్టరైందో, దాని పైలట్‌కి ఆ దేశమే లైసెన్సు ఇవ్వాలి, లేదా ఇంకో దేశం ఇచ్చినదాన్ని చెల్లుబాటు చేయాలి. 1944 నాటి షికాగో ఒప్పందం 32వ అధికరణంలో ఉన్న మాట ఇది. దేశం లోపల తిరిగే విమానాలకూ దాదాపు అన్ని దేశాలూ ఇదే పద్ధతి పెట్టుకున్నాయి. ఆటోనగర్ లారీకి నేషనల్ పర్మిట్ తీసుకుంటే ఏ రాష్ట్రమైనా దాటొచ్చు. పైలట్ లైసెన్సుకు అలాంటి పర్మిట్ లేదు.

ఇక్కడ రెండు మాటలు వినపడతాయి. వ్యాలిడేషన్ అంటే మీ డీజీసీఏ లైసెన్సును ఉంచుతూనే, దాని ఆధారంగా కొంతకాలం తమ విమానాలు నడపనివ్వడం. సాధారణంగా ఒక కంపెనీ మిమ్మల్ని తీసుకున్నాక, ఆ కంపెనీ ద్వారా జరుగుతుంది. కన్వర్షన్ అంటే అక్కడి పరీక్షలు, మెడికల్, ఫ్లైట్ టెస్ట్ పూర్తిచేసి ఆ దేశపు లైసెన్సే తెచ్చుకోవడం. దీనికి ఖర్చు మీది, కాలం మీది, అందుకే ముందు వీసా చూసుకోమంటున్నాను.

మొదటి పని: దేశం ఎంచుకోవడం

మనవాళ్లకి విదేశం అనగానే దుబాయ్ గుర్తొస్తుంది. గల్ఫ్‌లోని పెద్ద ఎయిర్‌లైన్లు బయటివాళ్లను తీసుకునేటప్పుడు వేల గంటలు, అవీ ఎక్కువగా జెట్ మీదో పెద్ద విమానం మీదో అడుగుతాయి. వాళ్ల క్యాడెట్ సీట్లలో ఎక్కువ ఆ దేశస్తుల కోసం. 200 గంటలతో గల్ఫ్‌లో ఎయిర్‌బస్ ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి.

యూరప్ కూడా అంతే దూరం. అక్కడ కన్వర్షన్‌కి ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు (ఏటీపీఎల్) థియరీ 13 పేపర్లు, అక్కడి క్లాస్ 1 మెడికల్, స్కిల్ టెస్ట్ ఉంటాయి. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ లైసెన్సు, యూరప్ లైసెన్సు వేరువేరు అయిపోయాయి. అంత చేసినా, అక్కడ పనిచేసే హక్కు లేని భారతీయుడికి 200 గంటలతో స్పాన్సర్ దొరకడం చాలా అరుదు. జీవిత భాగస్వామి వీసా మీదో, మరో దారిలోనో హక్కు ముందే ఉంటే తప్ప ఆ 13 పేపర్ల జోలికి పోవద్దు.

మాల్దీవుల్లో నీళ్ల మీద దిగే ట్విన్ ఆటర్ విమానాలు చూసి మనసు పారేసుకున్నవాళ్లు చాలామంది. అక్కడ కోపైలట్ సీట్లు ఎక్కువగా మాల్దీవుల కుర్రాళ్లకే. బయటి నుంచి తీసుకునేది అనుభవం ఉన్న కెప్టెన్లని.

ఇక ఆశ ఉన్న చోట్లు.

ఆస్ట్రేలియా. భారతీయులకు వర్క్ అండ్ హాలిడే వీసా, 462 సబ్‌క్లాస్, 2024లో తెరిచారు. మన దేశానికి ఏటా 1,000 మందికి, లాటరీ పద్ధతిలో. వయసు 18 నుంచి 30, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, ఇంగ్లిష్ ఉండాలి. ఈ వీసా మీద ఏడాదిపాటు ఏ పనైనా చేయొచ్చు కానీ ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలు మించకూడదు. దానికి మినహాయింపులున్నాయి, ఆ దేశ హోం అఫైర్స్ వెబ్‌సైట్‌లో 8547 షరతు కింద చదవండి. తక్కువ గంటల పైలట్‌కి ఈ వీసా ఎందుకు విలువైనదంటే, అక్కడ మొదటి ఉద్యోగాలు దేశం ఉత్తరాన డార్విన్, కునునర్రా, బ్రూమ్ లాంటి చోట్ల దొరుకుతాయి. సెస్నా 206, 210, ఎయిర్‌వ్యాన్ లాంటి ఒంటి ఇంజిన్ విమానాల్లో టూరిస్టుల్ని తిప్పడం, మారుమూల బస్తీలకు సరుకు చేర్చడం. పొడి కాలం మొదలయ్యే ముందు పైలట్లు అక్కడికి కారేసుకుని వెళ్లి, సీటు దొరికేదాకా హోటల్లోనో కేఫ్‌లోనో పనిచేస్తారు. ఆ పని చట్టబద్ధంగా చేసే హక్కు 462 ఇస్తుంది. లైసెన్సు మార్పిడికి ముందుగా అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చే గుర్తింపు నంబరు, ఏఆర్ఎన్, తీసుకోవాలి. డీజీసీఏ నుంచి వెరిఫికేషన్, అక్కడి వైమానిక చట్టం లాంటి పేపర్లు, క్లాస్ 1 మెడికల్, భద్రతా తనిఖీ, చివర ఫ్లైట్ టెస్ట్. సబ్జెక్టులన్నీ మొదట్నుంచి రాయాల్సిన పనిలేదు, అదొక ఊరట.

కెనడాలో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) లేకుండా తక్కువ గంటల పైలట్‌ను తీసుకునేవాళ్లు అరుదు. పీఆర్ ఉంటే దారి బాగుంటుంది. కాకపోతే ఉత్తరాది చిన్న కంపెనీల్లో మొదట ర్యాంప్ మీద పనిచేయించి, అంటే సామాన్లు ఎక్కించి, మంచు తుడిపించి, ఆ తర్వాతే కాక్‌పిట్‌లోకి పిలిచే ఆనవాయితీ ఉంది. మైనస్ 30 డిగ్రీల్లో ఆ పని చేయగలనా అని నిజాయితీగా అడుక్కోండి.

అమెరికాలో అక్కడి కమర్షియల్ లైసెన్సుకు వాళ్ల నిబంధనల్లోని పార్ట్ 61 కింద 250 గంటలు కావాలి. ఎయిర్‌లైన్‌కి 1,500. మధ్యలో గంటలు పెరిగేది ఎక్కువగా ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగంలోనే. సమస్య వీసా. చాలా ఫ్లయింగ్ స్కూళ్లు ఇచ్చేది ఎం-1, అంటే వృత్తి శిక్షణ వీసా. దాని మీద చదువయ్యాక ప్రతి నాలుగు నెలల చదువుకి ఒక నెల చొప్పున, మొత్తం ఆరు నెలలు మించకుండా ప్రాక్టికల్ ట్రైనింగ్ దొరకొచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఏవియేషన్ డిగ్రీ చదివితే 12 నెలల ఓపీటీ (చదివినదానికి సంబంధించిన పని చేసే అనుమతి) ఉంటుంది, ఆ కాలంలో సీఎఫ్ఐగా, అంటే ఇన్‌స్ట్రక్టర్‌గా, జీతం తీసుకుని గంటలు పెంచుకోవచ్చు. కాబట్టి ఇంకా శిక్షణకి వెళ్లని తమ్ముడో చెల్లెలో ఉంటే స్కూల్ ఫీజు కంటే ముందు వీసా రకం చూడమని చెప్పండి. లైసెన్సు వచ్చేసిన మీకు మాత్రం మళ్లీ డిగ్రీ ఖర్చు లెక్కేస్తే ఇది ఖరీదైన దారే.

ఆఫ్రికా దక్షిణం, తూర్పు. నా లెక్కలో 200 గంటల పైలట్‌కి నిజమైన పైలట్ పని దొరికే చోటు ఇది. బోట్స్‌వానాలో మౌన్ అనే ఊరుంది. ఒకవాంగో డెల్టాకి అదే గుమ్మం. అక్కడి సఫారీ క్యాంపులకు రోడ్లు సరిగా ఉండవు, టూరిస్టుల్ని మట్టి రన్‌వేల మీదకి చిన్న విమానాల్లో తీసుకెళ్లాలి. అందుకే ఏటా ఎన్నో దేశాల కుర్ర పైలట్లు లాగ్‌బుక్కులు (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకాలు) పట్టుకుని ఆ ఊరు చేరుతుంటారు. నమీబియాలో విండ్‌హుక్ దగ్గరి ఎరోస్, టాంజానియాలో అరుషా, కెన్యాలో విల్సన్ విమానాశ్రయం కూడా ఇలాంటి చోట్లే. ఈ దేశాలన్నీ తమ పిల్లలకే ముందు అవకాశం ఇవ్వాలని పట్టుబడతాయి, అది వాళ్ల హక్కు. వర్క్ పర్మిట్‌కి కంపెనీయే దరఖాస్తు చేయాలి, అది నెలలు పట్టొచ్చు. సందర్శక వీసా మీద వెళ్లి మనుషుల్ని కలవడం వేరు, పని మొదలుపెట్టడం వేరు. పర్మిట్ రాకుండా "ఊరికే ఒక ట్రిప్పు కొట్టు" అంటే కొట్టకండి. పట్టుబడితే వెనక్కి పంపుతారు, ఆ ముద్ర పాస్‌పోర్టులో మిగిలిపోతుంది.

ఇండోనేషియా పపువా కొండల్లో కూడా చిన్న విమానాల ఉద్యోగాలుంటాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడ ఒక న్యూజిలాండ్ పైలట్‌ని వేర్పాటువాదులు ఎత్తుకెళ్లారు, 2024 సెప్టెంబరులో గానీ విడుదల కాలేదు. గంటలు ఎక్కడైనా పెరుగుతాయి. ఇలాంటి చోటుకు వెళ్లేముందు అమ్మానాన్నలకు నిజం చెప్పి, ఇన్సూరెన్స్ ఏమేం కవర్ చేస్తుందో చదివి వెళ్లండి. నన్నడిగితే మొదటి ఉద్యోగానికి వద్దంటాను.

రెండో పని: కాగితాలు

ఇది విసుగు పనే కానీ ఎక్కువమంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. మన తెలుగువాళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, లైసెన్సులో ముందు, అమెరికాలో శిక్షణ తీసుకుంటే అక్కడి కాగితాల్లో చివర. మనకి అదంతా ఒకే మనిషి అని తెలుసు. విదేశీ అధికారి దృష్టిలో వాళ్లు నలుగురు మనుషులు. వెరిఫికేషన్ అడిగినప్పుడు డీజీసీఏ రికార్డులో పేరుకి, పాస్‌పోర్టులో పేరుకి పొంతన లేకపోతే ఫైలు ఆగుతుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరే అన్నిచోట్లా ఉండేలా ఇప్పుడే దిద్దించుకోండి. పాత మెమోల్లో మార్చలేనివాటికి ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి.

పాస్‌పోర్టుకి కనీసం రెండేళ్ల గడువు మిగిలుండేలా చూసుకోండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లోనే దరఖాస్తు చేయొచ్చు, అపాయింట్‌మెంట్ విజయవాడలోనే దొరుకుతుంది. కానీ దాన్ని మరీ ముందు తీసుకోవద్దు. చాలా దేశాలు ఇటీవలిదే అడుగుతాయి.

చదువు కాగితాలకి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, చేయించాలి. ఆ ముద్రని గుర్తించే దేశాల ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశ ఎంబసీ ముద్ర కూడా కావాలి.

ఇంటర్ ఎంపీసీ తర్వాత నేరుగా ఫ్లయింగ్‌కి వెళ్లినవాళ్లకి ఒక సలహా. డిగ్రీ మొదలుపెట్టండి. నాగార్జున యూనివర్సిటీ దూరవిద్య ఉంది, మరోటి ఉంది. చేరే ముందు ఆ కోర్సుకి యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. విమానం నడపడానికి డిగ్రీ అక్కర్లేదు, కానీ ఆస్ట్రేలియా 462కి, కెనడా పీఆర్ పాయింట్లకి చదువే లెక్క. మెడికల్ ఎప్పుడైనా ఆగిపోతే చేతిలో ఇంకో దారి కూడా ఉంటుంది.

డీజీసీఏ వైపు నుంచి చూసుకోవాల్సినవి: క్లాస్ 1 మెడికల్ 40 ఏళ్లలోపు వాళ్లకి ఏడాదికోసారి. ఐఆర్ (పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్) చెక్ కూడా ఏడాదికోసారి. ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీలో 4వ స్థాయి పాస్ మార్కే, కానీ వీలైతే 5 లేదా 6 తెచ్చుకోండి. 4కి మూడేళ్లు, 5కి ఆరేళ్లు గడువు ఉంటుంది, 6కి మళ్లీ పరీక్ష అక్కర్లేదు. లైసెన్సు వెరిఫికేషన్ డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏ ద్వారా అడగండి. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో ఎలక్ట్రానిక్ పర్సనల్ లైసెన్సు కూడా వచ్చింది. అది ఫోన్‌లో ఉన్నంత మాత్రాన వెరిఫికేషన్ లేఖ అక్కర్లేదనుకోవద్దు, విదేశీ అథారిటీ నేరుగా డీజీసీఏ నుంచే ఆ లేఖ కోరుతుంది.

లాగ్‌బుక్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఉద్యోగం ఇచ్చేవాడు మీ ముఖం చూడకముందు చూసేది అదే. ప్రతి పేజీ కింద మొత్తాలు సరిపోవాలి. పీఐసీ (తానే కెప్టెన్‌గా నడిపినవి), డ్యుయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో నడిపినవి), క్రాస్ కంట్రీ, రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్, మల్టీ ఇంజిన్ ఏ గడికి ఆ గడి విడిగా కూడి, ఈజీసీఏలో ఉన్న అంకెతో పోల్చి చూడండి. తప్పు పడితే వైట్‌నర్ పూయొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం పెట్టండి. సిమ్యులేటర్ గంటల్ని విమానం గంటల్లో కలపొద్దు. పీఐసీ గంటలు కాస్త పెంచి రాసుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనే మాట హాస్టళ్లలో వినపడుతుంటుంది. టెక్‌లాగ్‌లో (ప్రతి విమానానికీ ఉండే రికార్డు పుస్తకం), ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) రికార్డులో విమానం నంబరుతో సహా ఉంటుంది, తెలుస్తుంది. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు మన దేశంలోనే అరెస్టయ్యారు. ఆ తర్వాత భారతీయ కాగితాల్ని బయటివాళ్లు రెండుసార్లు చూస్తే తప్పు పట్టలేం. పూర్తయిన ప్రతి పేజీ స్కాన్ చేసి దాచుకోండి. ప్రయాణంలో అసలు పుస్తకం ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో వద్దు.

మూడో పని: చెయ్యి తుప్పు పట్టకుండా చూసుకోవడం

గత ఏడాదిలో ఒక్క గంట కూడా ఎగరని 200 గంటల పైలట్ కంటే, నెలకి రెండు గంటలైనా ఎగిరే 200 గంటల పైలట్ నయం. ప్రతి దరఖాస్తులోనూ "గత 90 రోజుల్లో ఎన్ని గంటలు" అనే గడి ఉంటుంది. అక్కడ సున్నా ఉండకుండా చూసుకోవాలంటే దగ్గర్లోని ఫ్లయింగ్ స్కూల్లో అప్పుడప్పుడూ గంట అద్దెకు తీసుకోవాల్సిందే. ఈ జీతం లేని కాలానికి బడ్జెట్‌లో వేరుగా డబ్బు పెట్టుకోండి.

మన దేశంలోనే అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి ఏదైనా స్కూల్లో నేర్పడం మొదలుపెట్టగలిగితే, విదేశం ఆలోచన ఏడాది వాయిదా వేసుకున్నా నష్టం లేదు. 500 గంటలతో మౌన్ వెళ్లేవాడికి, 200తో వెళ్లేవాడికి తలుపు తెరుచుకునే తీరు వేరు. చాలా కంపెనీల ఇన్సూరెన్స్ షరతుల్లో కనీస గంటలు ఉంటాయి. మీరు ఎంత బాగా నడిపినా ఆ అంకె తక్కువైతే వాళ్లు తీసుకోలేరు.

నాలుగో పని: అడగడం

సీవీ ఒక పేజీ. కెరీర్ ఆబ్జెక్టివ్, హాబీలు, తండ్రి పేరు అక్కర్లేదు. పైన పేరు, పౌరసత్వం, ఆ దేశంలో పనిచేసే హక్కు ఉందా లేదా, ఎప్పటినుంచి అందుబాటులో ఉంటారు. కింద గంటల పట్టిక. ఉదాహరణకు: మొత్తం 212, పీఐసీ 118, రాత్రి 11, మల్టీ ఇంజిన్ 16, సెస్నా 172 మీద 150, గత 90 రోజుల్లో 8. తర్వాత లైసెన్సులు, మెడికల్ గడువు, ఇంగ్లిష్ స్థాయి. తర్వాత చేసిన ఇతర పనులు. నాన్న ట్రాక్టర్ రిపేరు చేయడం మీకొచ్చా, మిర్చి యార్డులో లెక్కలు రాశారా, హోటల్ రిసెప్షన్‌లో పనిచేశారా, రాయండి. అడవి మధ్యలో ఒక్కడే విమానంతో ఉండి, టూరిస్టులతో మాట్లాడుతూ, సామాను మోయాల్సిన ఉద్యోగానికి ఇవన్నీ అర్హతలే.

ఈమెయిల్ నాలుగు వాక్యాలు దాటొద్దు. "మీ కంపెనీలో ఏదైనా అవకాశం ఉంటే దయచేసి" అని 200 కంపెనీలకి ఒకేసారి పంపితే ఎవరూ చదవరు. ఆ కంపెనీ ఏ విమానాలు నడుపుతుందో, ఎక్కడ నుంచి ఎగురుతుందో చూసి, చీఫ్ పైలట్‌కి రాయండి. "ఫలానా తేదీ నుంచి రెండు వారాలు మీ ఊళ్లో ఉంటాను, పది నిమిషాలు కలవొచ్చా" అన్న వాక్యానికి జవాబొచ్చే అవకాశం మిగతా అన్ని వాక్యాల కంటే ఎక్కువ. చిన్న కంపెనీలు ఫోన్ ఇంటర్వ్యూ చేసి మనిషిని తీసుకోవు. మనిషి ఎలా ఉంటాడో, ఎండలో విమానం కడగమంటే ముఖం మాడ్చుకుంటాడో లేదో చూడాలనుకుంటాయి.

కాబట్టి వెళ్లాలి, అదీ సరైన నెలలో. ఒకవాంగోలో టూరిస్టుల రద్దీ జూన్ నుంచి అక్టోబరు వరకు. అప్పటికే పైలట్లని తీసుకుని శిక్షణ ఇచ్చేసి ఉంటారు. రద్దీ మొదలయ్యే నాలుగైదు నెలల ముందు అక్కడ ఉండేలా చూసుకోండి. ఆస్ట్రేలియా ఉత్తరానికీ అదే సూత్రం, వర్షాకాలం ముగిసేలోపు చేరాలి. మూడు నెలల తిండి, బస, తిరుగు టికెట్టు డబ్బు విడిగా, ముట్టుకోకుండా ఉంచుకుని బయల్దేరండి. కెన్యా వైపు వెళ్తే యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపుతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. ఒకవాంగో వైపు మలేరియా ఉంటుంది, దానికి మందుల సంగతి డాక్టర్‌ని ముందే అడగండి.

టెస్ట్ ఫ్లైట్‌లో ఏం చూస్తారు

నచ్చితే ఒకరోజు ఉదయం విమానం ఎక్కమంటారు. చాలాసార్లు అది సెస్నా 206. ముందు వెయిట్ అండ్ బ్యాలెన్స్ లెక్క చేతితో వేయమంటారు. సఫారీ విమానాల్లో ఒక్కో ప్రయాణికుడికి చేతిసంచితో కలిపి 20 కిలోలే సామాను, అదీ మెత్తటి సంచుల్లో. చక్రాల సూట్‌కేస్ పొట్ట కింద అరలో పట్టదు. ఆ సంచులు తూచి, ఏది ముందు ఏది వెనక అని సర్ది, బరువు కేంద్రం ఎక్కడ పడిందో చెప్పాల్సింది మీరే.

తర్వాత ఎండ. బెజవాడ ఎండలో పెరిగినవాళ్లకి ఎండ కొత్త కాదు, కానీ విమానానికి అది వేరేగా తగులుతుంది. లెక్క వేసి చూడండి. గన్నవరం సముద్రమట్టానికి సుమారు 80 అడుగులు. మే నెలలో 45 డిగ్రీలుంటే, ప్రామాణిక 15 కంటే 30 ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,600 కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి గాలి పలచబడి విమానం ఉన్నట్టు ప్రవర్తించే ఎత్తు) 3,700 అడుగుల దగ్గర. అదే మౌన్ ఎత్తు దాదాపు 3,100 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. 35 డిగ్రీలుంటే 26 ఎక్కువ. లెక్క 6,200 అడుగులకి తేలుతుంది. అంటే మన రోహిణి కార్తె కంటే పది డిగ్రీలు తక్కువ వేడిలో కూడా విమానం ఇంకా 2,500 అడుగులు పైన ఉన్నట్టు ఈడుస్తుంది. టేకాఫ్ పరుగు పెరుగుతుంది, ఎక్కే వేగం తగ్గుతుంది, రన్‌వే ఏమో మట్టి, చివర చెట్లు. "ఇంతమందితో ఇప్పుడు ఎక్కగలమా?" అని చీఫ్ పైలట్ అడిగినప్పుడు చార్ట్ తెరిచి, లెక్క వేసి, "ఒకరిని దింపాలి" అని చెప్పగలిగినవాడు ఆయనకి కావాలి. ధైర్యం చూపిద్దామని "ఎక్కొచ్చు సార్" అంటే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోతుంది.

పొట్టి రన్‌వే ల్యాండింగ్, అడ్డగాలి, ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగుతారు అనే ప్రశ్న ఎలాగూ ఉంటాయి. రన్‌వే మీద జంతువులుంటాయి కాబట్టి ఒకసారి తక్కువ ఎత్తులో మీదుగా పోయి వాటిని తరిమి, తిరిగొచ్చి దిగడం అక్కడ మామూలే. వెళ్లేముందు మన దగ్గరే 172లో షార్ట్ ఫీల్డ్, సాఫ్ట్ ఫీల్డ్ ల్యాండింగులు రెండుమూడు గంటలు కేవలం వాటికోసమే చేసి వెళ్లండి. అంతకు మించి ఉపయోగపడే ఖర్చు ఇంకోటి లేదు.

డబ్బు అడిగేవాళ్లు

బెంజ్ సర్కిల్ నుంచి బ్రాడీపేట దాకా విదేశీ చదువుల బోర్డులకి కొదవలేదు. వాటిలో నిజాయితీగా పనిచేసేవాళ్లూ ఉన్నారు. కానీ పైలట్ ఉద్యోగం ఇప్పిస్తామనే మధ్యవర్తిని మాత్రం విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరైన ఏజెంటో కాదో చూడకుండా నమ్మొద్దు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షల్లో అడిగితే అది సేవా రుసుము కాదు. ఎయిర్‌లైన్ పేరుతో జీమెయిల్ నుంచి వచ్చిన ఆఫర్ లెటర్, "మెడికల్ డిపాజిట్", "సీటు బ్లాక్ చేయడానికి అడ్వాన్స్" ఇవన్నీ ఒకే మోసానికి వేర్వేరు పేర్లు. ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

పే టు ఫ్లై గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. లైన్ ట్రైనింగ్ పేరుతో మీరే డబ్బు కట్టి ఎయిర్‌బస్ కుడిసీట్లో 500 గంటలు కొనుక్కోవడం అది. గంటలు అయ్యాక ఆ సీటు తర్వాత డబ్బు కట్టేవాడికి వెళ్తుంది, మీకు ఉద్యోగం ఉండదు. ప్రయాణికులతో నిండిన విమానం నడిపేవాడు జీతం తీసుకోవాలి, ఎదురు కట్టకూడదు. ఇల్లు తాకట్టు పెట్టి ఇందులోకి దిగొద్దు.

బాండ్ అనేది వేరు. కంపెనీ మీకు టైప్ రేటింగ్ గానీ సెస్నా కారవాన్ విమానం మీద శిక్షణ గానీ ఇచ్చి, రెండేళ్లలోపు మానేస్తే ఇంత తిరిగి కట్టాలని రాయించుకోవడం న్యాయమే. ఆ మొత్తం నెలనెలా తగ్గుతుందా, కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే పరిస్థితి ఏమిటి, మెడికల్ పోతే కట్టాలా అనే మూడు ప్రశ్నలకి కాంట్రాక్టులో జవాబుండాలి. జీతం ఏ కరెన్సీలో, బస ఉందా, ఏడాదికోసారి ఇంటికి టికెట్టు ఎవరిది అన్నవీ కాగితం మీదే ఉండాలి.

విదేశంలో చిక్కుల్లో పడితే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, తాడేపల్లిలోని ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ (ప్రవాసాంధ్రుల సంస్థ) ఉన్నాయి. వెళ్లేముందే రెంటి వివరాలూ ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి.

గంటలు తిరిగి మన దేశంలో చెల్లాలంటే

చాలామంది చివరికి ఇంటికే రావాలనుకుంటారు. మన ఏటీపీఎల్‌కి 1,500 గంటలు కావాలి, బయట చేసిన గంటలు అందులో కలవాలంటే ఆధారం కావాలి. కారవాన్ లాంటి ఒక్క పైలట్ చాలన్న విమానంలో కుడిసీట్లో కూర్చున్న గంటల్ని అన్ని దేశాలూ ఒకేలా లెక్కించవు. చేరేముందే ఆ సీటు కంపెనీ ఆపరేషన్స్ మాన్యువల్ ప్రకారం తప్పనిసరి సీటా, ఉత్త అదనమా అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. డీజీసీఏ లైసెన్సు, మెడికల్ గడువు దాటిపోకుండా చూసుకోండి. సెలవుకి వచ్చినప్పుడే రెన్యూవల్ పనులు పెట్టుకుంటే సరిపోతుంది.

కంపెనీ మారేటప్పుడు, ఆఖరి జీతం అందకముందే, చీఫ్ పైలట్ చేత లాగ్‌బుక్ పేజీలు సంతకం, ముద్ర వేయించుకోండి. విమానం రకం వారీగా గంటల సర్టిఫికెట్ కంపెనీ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. చిన్న కంపెనీలు మూతపడతాయి, చీఫ్ పైలట్లు దేశాలు మారతారు. మూడేళ్ల తర్వాత ఆ సంతకం కోసం వెతికితే ఫోన్ ఎత్తేవాళ్లు ఉండకపోవచ్చు.